నీళ్లున్న చోటే కోట

"ఇల్లంతా నీదే కదా, మళ్లీ నీకంటూ ఓ గది ఎందుకు?" అన్నాడు మా ఆయన కుత్లిమురాద్.

అప్పుడు నేను రొట్టెల పిండి కలుపుతున్నాను. పొద్దున్నే నేను ఊడ్చి నీళ్లు చల్లిన వాకిట్లో ఆయన పుల్లతో కొత్త ఇంటి గీతలు గీస్తున్నాడు. కిందటి వారం గీసినప్పుడు తూర్పు మూల ఒక చిన్న గది ఉంది. దానికి కిటికీ కూడా పెట్టాడు. ఈసారి గది లేదు. దాని చోట మెట్లున్నాయి. ఆ మెట్లు కిందికి దిగుతున్నాయి.

"నేలమాళిగ" అన్నాడు ఆయన, నేను అడగకముందే. "క్యారెట్లు, దుంపలు, పుచ్చకాయలు, నీ ఊరగాయ సీసాలు అన్నీ కిందే. రష్యాలో ప్రతి ఇంటికీ ఉంటుంది. ఇటుకా సిమెంటూ రెండింటికీ చాలవు. గదో, నేలమాళిగో ఏదో ఒకటే."

ఆ తర్వాత అన్నాడు ఆ మాట. కోపంగా ఏమీ అనలేదు, దానం చేసేవాడి గొంతుతో అన్నాడు. ఇల్లంతా రాసిచ్చేస్తుంటే ఒక మూల కోసం పేచీ పెట్టే మనిషిని ఎవరు మాత్రం మెచ్చుకుంటారు? నేను పిండి మీద తడిగుడ్డ కప్పాను. ఇల్లంతా నాదే అంటే ఏమిటో పన్నెండేళ్లుగా నాకు తెలుసు. ఇల్లంతా ఊడ్చేది నేను. ఏ గదిలో కూర్చున్నా ఎవరో ఒకరు తొంగిచూసి, "ఇక్కడున్నావా ఇంతిజార్, కాస్త టీ పెట్టవూ" అంటారు. ఇల్లంతా తనదైన మనిషికి తలుపేసుకునే చోటు మాత్రం ఉండదు.

మా ఖోరెజ్మ్ ప్రాంతంలో చిన్నకొడుక్కి పెళ్లయితే తల్లి ఇల్లు వాడికి వస్తుంది, పెద్దకొడుకులు సామాను సర్దుకోవాలి. ఆ శరత్కాలంలోనే మా మరిది ఆతాజాన్ పెళ్లయింది. వీధి చివర మాకు జాగా ఇచ్చారు. పెళ్లి పనుల్లో నడుం విరిగినా నాకు లోపల పండగలాగే ఉండేది. కొత్త ఇల్లంటే నా మనసులో ఆ తూర్పు మూల గదే. అందులో ఒక బల్ల, ఒక కుర్చీ, లోపలి నుంచి వేసుకునే గడియ. అంతకన్నా ఏమీ కోరుకోలేదు. అది కూడా ఎక్కువైంది.

"నీళ్లొస్తాయండీ" అన్నాను చేతులు కడుక్కుంటూ.

"రెండు చోట్ల తవ్వి చూశాను. పొడి. దుమ్ము రేగింది."

"ఇప్పుడు నవంబరు."

"అయితే?"

అయితే ఏమిటంటే, తొమ్మిదేళ్లుగా ఆయన మా ఊరి వసంతం చూడలేదు. ఏటా ఫిబ్రవరి ఆఖర్లో రష్యా రైలెక్కుతాడు, మంచు పడే వేళకి తిరిగొస్తాడు. ఆయన రైలెక్కగానే ఇక్కడ పొలాల్లో ఉప్పు కడగడం మొదలవుతుంది. కాలవలు వదిలి పొలాలన్నీ ముంచుతారు. పైన ఉప్పు కరిగి కిందికి దిగుతుంది, కింద నీళ్లు పైకి లేస్తాయి. ఆ నెలా రెండు నెలలూ మా ఇళ్ల కింద నేల పాలగిన్నెలా పొంగుతుంది. గోడలు మోకాలెత్తు దాకా తడిసి, ఆరి, తెల్లటి ఉప్పు పూస్తాయి. ఆడవాళ్లం గట్టి చీపురుతో ఆ ఉప్పు గీకి, మట్టి మెత్తి, సున్నం వేస్తాం. మగవాళ్లు తిరిగొచ్చేసరికి గోడలు పెళ్లికూతుళ్లలా ఉంటాయి. అందుకని మా ఊళ్లో ఉప్పన్నది ఆడవాళ్లు చెప్పుకునే కబురు, మగవాళ్లు సగం వినే కబురు. మా అత్తయ్య బీబీజాన్‌కి ఉప్పు గీకే చీపురు ఒకటుంది. దాని పిడి ఆమె అరచేతి ఆకారంలో అరిగిపోయింది. కొత్తింటికి వెళ్లేటప్పుడు అది నాకే ఇస్తానని అందరి ముందూ చెప్పింది. గొప్ప కానుక ఇస్తున్నట్టు అందరూ నా వైపు చూశారు.

"నీళ్ల సంగతి నీకెవరు చెప్పారు, ఆ ఆటలో పొట్టివాళ్లా?" అని నవ్వాడు మా ఆయన.

ఆ ఆట మా ఇంట్లోకి తెచ్చింది ఆతాజాన్. మా అమ్మాయి దుర్దానా చదువు కోసమని కొన్న పాత ల్యాప్‌టాప్‌లో వేశాడు. గడ్డాల పొట్టి మనుషులు, ఆడా మగా ఏడుగురు, ఒక బండి వేసుకుని ఎక్కడో కొండ పక్క దిగుతారు. వాళ్ల చేత నేల తవ్వించి, గదులు తొలిపించి, కోట కట్టించాలి. దుర్దానా రెండు రోజులాడి వదిలేసింది, నాకు అంటుకుంది. పిండి కలిపి మూత పెట్టాక అది పొంగేదాకా ఒక గంట ఎవరూ నన్ను పిలవరు. పిండి పొంగాలని అత్తయ్యకీ తెలుసు. ఆ గంట నాది. వంటింటి పక్క సామాన్ల కొట్లో బియ్యం బస్తా మీద కూర్చుని కోట కట్టేదాన్ని.

"బావిలో నీళ్లు తోడమంటే నడుం నొప్పి, పెట్టెలో నీళ్లు తోడమంటే హుషారు" అని అత్తయ్య పొరుగామెతో అంటుంటే విన్నాను. అబద్ధం కాదు. ఆ ఆటలో నేను చేసిందంతా నీళ్లతో పోట్లాటే. కొంత లోతు తవ్వగానే తడి రాయి తగిలింది అంటూ పొట్టివాళ్లు పని ఆపేస్తారు. మొండిగా తవ్వమంటే నాలుగు పక్కలా గోడలు కారతాయి. చూస్తుండగానే గుంత నిండుతుంది. అలా నా కోటలు ఎన్ని మునిగాయో లెక్కపెట్టలేదు.

"వదినా, కింద నీళ్లు లేని చోటు చూసుకుని దిగొచ్చు కదా" అన్నాడు ఆతాజాన్ ఒకసారి. "ఆట మొదట్లోనే అడుగుతుంది."

"నీళ్లు లేని చోటు కట్టడం నాకు తెలీదు."

"నువ్వూ అమ్మా ఒకటే. సుఖంగా ఉండమంటే భయపడతారు" అన్నాడు. వాడు సరదాకే అన్నాడు గానీ, భయం కాదు. తడి తగిలాక ఏం చెయ్యాలో తెలుసుకోవాలని నా పంతం.

నేలమాళిగ తవ్వే రోజున మా ఊరి ఆచారం ప్రకారం వీధి వీధంతా కూలి లేకుండా సాయానికొచ్చింది. మగవాళ్లు గుంతలో దిగారు. మేము పొయ్యి దగ్గర దిగాం. వాళ్ల పలావుకి క్యారెట్లు తరిగీ తరిగీ నా వేళ్లు పసుపెక్కాయి. సాయంత్రం వాళ్ల పని లోతుగా, చదరంగా అందరికీ కనబడింది. మా పని కడిగిన గిన్నెలయింది. నేను టీ పట్టుకెళ్తే ఆయన గుంత మధ్యలో నిలబడి పైకి చూస్తున్నాడు. ముఖం మట్టి, ఆ మట్టిలో చిన్నపిల్లాడి నవ్వు.

"అక్కడ మేం పదకొండుమందిమి ఒకే నేలమాళిగలో పడుకునేవాళ్లం" అన్నాడు మెల్లగా, నాకు మాత్రమే వినబడేట్టు. "ఎవరి ఇల్లో. పైన వాళ్లు నడిచే చప్పుడు వినబడేది. కానీ చెమ్మ ఉండేది కాదు ఇంతిజార్. వెచ్చగా ఉండేది. నాకూ ఒకటి కట్టుకోవాలని అప్పుడే అనుకున్నా."

నాకు ఆయన మీద జాలేసింది. తొమ్మిదేళ్లలో ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. జాలితో పాటు ఒళ్లు మండింది కూడా. ఈయన తనకో చోటు కావాలని తొమ్మిదేళ్లు మనసులో పెట్టుకుంటే అది కల. నేను పన్నెండేళ్లు పెట్టుకుంటే అది పేచీ. గ్లాసు చేతికిచ్చి వచ్చేశాను.

చలి ముదిరేలోపు నేలమాళిగ గోడలు కట్టేశారు, పై గోడలు వసంతంలో లేపాలని ఆపారు. తవ్విన మట్టి జాగా పక్కన కొండలా పడి ఉంది. ఆ చలికాలమంతా నేను ఆటలో పంపు పద్ధతి నేర్చుకున్నాను. నీళ్లూరే పొరలో గుంత తీసి, పైన చెక్క పంపు పెట్టాలి. ఒకరు పంపు తిప్పుతూనే ఉండాలి. నీళ్లు తగ్గిన ఆ కాసేపట్లో ఇంకొకడు దిగి రాతిగోడ కట్టాలి. నా పంపు తిప్పేది ఒక ఆడమనిషి. దుర్దానా ఆమెకి సాబిరా అని పేరు పెట్టింది. గోడ కట్టినవాడి పని గోడై నిలబడుతుంది. సాబిరా చేసిన పని ఎక్కడా కనబడదు, ఆపినప్పుడే తెలుస్తుంది.

ఆ ఆటలో ఏ మనిషి పేరు నొక్కినా వాళ్ల మనసులో ఏముందో రాసి ఉంటుంది. నాకు అందులో అన్నిటికన్నా నచ్చింది అదే. సాబిరా పేరు నొక్కితే, దాహంగా ఉంది, నిద్ర లేదు, సొంత గది లేక నేల మీద పడుకున్నందుకు నొచ్చుకుంది అని వచ్చింది. బియ్యం బస్తా మీద కూర్చుని ఆ ఆఖరి మాట మళ్లీ మళ్లీ చదివాను. బొమ్మకి కూడా గది లేకపోతే మనసు నొచ్చుకుంటుందని ఆ ఆట రాసినవాడికెవడికో తోచింది. మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

ఒకరోజు గోడ ఇంకా నాలుగు రాళ్లు ఉందనగా సాబిరా పంపు వదిలేసి నడిచి వెళ్లిపోయింది. నేను ఆపమనలేదు. ఆమెకి దాహమేసింది, అంతే. గుంత నిండింది, గోడ కడుతున్నవాడు ఎలాగో బయటపడ్డాడు, చలికాలమంతా చేసిన పని పోయింది. నాకు కోపం రావాలి. రాలేదు. ఆమె వెళ్లి నీళ్లు తాగేదాకా చూస్తూ కూర్చున్నాను.

ఇల్లు లేపాలని ఆ ఏడు ఆయన రష్యా రైలెక్కలేదు. మార్చిలో పొలాలకి నీళ్లు వదిలారు. వారం తిరక్కుండా నేలమాళిగ అడుగు నల్లబడింది. మర్నాడు చీలమండ లోతు, ఆపై మోకాలి లోతు. మా ఆయన అంచు మీద గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"ఇదేంటి, ప్రతి ఏడూ ఇంతేనా?"

"ప్రతి ఏడూ ఇంతే."

"మరి నాకెవరూ చెప్పలేదే?"

చెప్పానని నేను గుర్తుచెయ్యలేదు. ఆయనకే గుర్తొచ్చి నీళ్లు నమిలాడు. ఒక మోటారు తెచ్చి బిగించాడు. నీళ్లు తోడేస్తే గోడలకి తారు పూయొచ్చనీ, తారు ఆరితే ఇక చుక్క రాదనీ టీ కొట్టు దగ్గర ఎవరో చెప్పారట. ఊళ్లో ఆయనకి ఇంకా పనేదీ కుదరలేదు. రోజూ టీ కొట్టుకి వెళ్లి నీళ్ల గురించి మాట్లాడి వచ్చేవాడు. నీళ్ల గురించి మాట్లాడటం మగవాళ్ల పని. తోడటం నా పని. మోటారు ఊరికే వదిలేస్తే లాభం లేదు. కరెంటు పోతుంది, వస్తుంది. గొట్టంలో బురద అడ్డుపడుతుంది. నీళ్లు అయిపోయాక తిరిగితే కాలిపోతుంది. ఎవరో ఒకరు దగ్గర కూర్చోవాలి.

"నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా" అన్నాడు. "కాస్త చూస్తుండు."

ఇంట్లోనే ఉండటమంటే ఖాళీగా ఉండటమని ఆ మాటకి అర్థం. నేను వాదించలేదు. పిండి కలిపి, మూత పెట్టి, పిండి పొంగే ఆ గంటలో వీధి చివరికి వెళ్లి మోటారు దగ్గర కూర్చునేదాన్ని. కరెంటు పోతే బకెట్టుతో తోడేదాన్ని. తిరిగొచ్చి రొట్టెలు కాల్చి, అన్నాలయ్యాక మళ్లీ వెళ్లేదాన్ని. ల్యాప్‌టాప్ మీద దుమ్ము పేరుకుంది. ఉన్న ఒక్క గంటా నేలమాళిగ తాగేసింది. గది పోతే పోయిందనుకున్నాను గానీ, ఆ గంట కూడా పోయేసరికి నాకు ఏడుపొచ్చింది. మోటారు చప్పుడులో ఏడిస్తే ఎవరికీ వినబడదు, ఆ మాత్రం సౌకర్యం ఉంది.

అలా ఏడుస్తుండగా ఒకరోజు అత్తయ్య వచ్చింది. పాతింటి గోడలు గీకి గీకి చేతులు తెల్లగా ఉప్పుకొట్టుకుపోయాయి. చీపురు చంకలో ఉంది. నా కళ్లు చూసింది, చూడనట్టు గుంతలోకి చూసింది.

"తోడిందంతా మళ్లీ ఊరుతోందా?"

"ఊరుతోంది అత్తయ్యా."

"ఎన్నాళ్లు తోడతావు?"

"ఆయన ఆపమనేదాకా."

అత్తయ్య మట్టిగుట్ట మీద మెల్లగా చతికిలబడింది. చీపురు ఒళ్లో పెట్టుకుని ఈనెల్లో ఇరుక్కున్న ఉప్పు గోటితో తీస్తూ, "ఎవరూ ఆపమనరే పిల్లా" అంది. "నేను పెళ్లయి వచ్చిన ఏడాది మా అత్త ఈ చీపురిచ్చింది. చాల్లే అని ఎవరైనా అంటారని చాలాకాలం చూశా. మా అత్త పోయింది. మీ మామయ్య పోయాడు. ఎవరూ అనలేదు."

ఆమెతో పన్నెండేళ్లు ఒకే కప్పు కింద ఉన్నాను. ఆమె నన్ను ఎన్నో అంది. తన గురించి మాత్రం ఏ రోజూ ఒక్క మాట అనలేదు. లేచి మోటారు ఆపేశాను. ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమైందంటే, కింద గోడల్లోంచి నీళ్లు ఊరే సన్నటి చప్పుడు పైకి వినబడింది.

"ఇప్పుడేం చేస్తావు?" అంది అత్తయ్య.

ఆటలో ఇంకో పద్ధతుంది. పంపులతో పనిలేదు. పైనున్న మట్టి దిమ్మని చుట్టూ తొలిచి, ఒక్క స్తంభం మీద ఆపి, ఆ స్తంభం తీసేస్తే దిమ్మ మొత్తం నీళ్లలోకి దిగుతుంది. మట్టి కూర్చున్న చోట ఇక నీళ్లుండవు. చాలామంది అలాగే చేస్తారట. నాకు ధైర్యం చాలక ఎప్పుడూ చెయ్యలేదు. కట్టింది పడగొట్టడానికి చెయ్యి రాదు.

అత్తయ్య కూర్చున్న మట్టిగుట్ట వైపు చూశాను. "పూడ్చేస్తాను" అన్నాను.

ఆమె కూర్చున్న చోటు నుంచి లేచి బట్టలు దులుపుకుంది. "గోడ లేపేముందు పునాది మీద రెల్లు పరచమను వాడిని. అది పాతకాలం పద్ధతని వెక్కిరిస్తాడు, అయినా పరచమను. రెల్లుంటే ఉప్పు పైకెక్కదు. లేకపోతే ఈ చీపురు నిజంగానే నీకొస్తుంది" అని వెళ్లిపోయింది.

ఆ మట్టిగుట్టని రోడ్డు పనికి తోలుకుపోవడానికి పొరుగు వీధి ట్రాక్టరతను మర్నాడే రావలసి ఉంది. మా ఆయన పొద్దున్నే తారు డబ్బాల కోసం పట్నం వెళ్లాడు. ట్రాక్టరు వచ్చాక నేను ఎదురెళ్లి, రోడ్డుకి వద్దు, గుంతలోకి నెట్టమన్నాను.

అతను ఇంజను ఆపి నన్నూ గుంతనీ చూశాడు. "మీ ఆయనకి తెలుసా అక్కా? రేపు నా మీదకొస్తాడు."

"ఇల్లంతా నాదేనని ఆయనే అన్నాడు. గుంత ఇంట్లోదే కదా."

అతను నవ్వి, తల గోక్కుని, ఇంజను వేశాడు. మొదటి మట్టి పడగానే నీళ్లు ఎగిరి నా గౌను తడిసింది. ఆయన కట్టిన ఇటుకలు, ఆయన నవ్విన చోటు, అన్నీ మట్టి కిందికి పోతుంటే నాకు సంతోషంగా ఏమీ లేదు. కానీ ఆపమని కూడా అనిపించలేదు. నీళ్లు కొంతసేపు బురదగా పైకి తన్నాయి, తర్వాత మట్టి బరువుకి ఊరుకున్నాయి. మధ్యాహ్నానికి గుంత ఉన్న చోట నేల చదునుగా ఉంది. ట్రాక్టరతను మిగిలిన మట్టి కూడా తూర్పు మూలకే తోసి, ఎత్తు చేసి, చక్రాలతో తొక్కించి వెళ్లాడు.

నేను నాలుగు మేకులూ దారం ఉండా తెచ్చుకున్నాను. తూర్పు మూల మూడు మేకులు కొట్టి దారం లాగుతుండగా మా ఆయన కారు దిగాడు. రెండు చేతుల్లో రెండు తారు డబ్బాలు. వాటిని కింద పెట్టడం కూడా మరిచి అటూ ఇటూ చూశాడు.

"నేలమాళిగ ఏది?"

"కిందే ఉంది."

"ఎవరినడిగి పూడ్చావు?"

"అడిగితే ఇంకొన్నాళ్లు తోడమంటారు."

ఆయన ముఖం ఎర్రబడింది. డబ్బాలు దించి, ఒకదాని మీద కూర్చున్నాడు. చాలాసేపు చదునైన నేలనే చూశాడు. నేను దారం పట్టుకుని నిలబడ్డాను. అరుస్తాడని కాచుకున్నాను గానీ ఆయన అరవలేదు. "పొడిగా ఒక్క గది" అన్నాడు చివరికి. "నాదంటూ ఒకటి ఉండాలనుకున్నా. అంతే."

"నేనూ అంతే" అన్నాను. "పైన కట్టుకుందాం. పైన చెమ్మ ఉండదు. ఆ గది ముందు నాకు. మీకు ఆ పక్కన వచ్చే ఏడు కట్టుకోవచ్చు."

వచ్చే ఏడన్న మాటకి తలెత్తి చూశాడు. ఎవరి గది ముందో, ఎవరిది తర్వాతో అనే వరసలో తనది వెనక ఉండటం ఆయనకి కొత్త. ఏదో అనబోతుండగా దుర్దానా వీధిలోంచి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, పిండి గిన్నె దాటి కింద పడుతోంది. తందూరు కూడా కాగింది. నానమ్మ ఎవరో ఒకళ్లని రమ్మంటోంది."

ఎప్పుడూ 'మీ అమ్మని రమ్మను' అనేది అత్తయ్య. ఎవరో ఒకళ్లు అనడం అదే మొదటిసారి. మా ఆయనకి ఆ తేడా తెలియలేదు. "వెళ్లు, వెళ్లు, పిండి పులిసిపోతుంది" అన్నాడు నాతో, అలవాటు చొప్పున.

నాలుగో మేకు ఇంకా కొట్టలేదు. దారం చివర నా చేతిలోనే ఉంది.

"మీరూ ఇంట్లోనే ఉంటున్నారు కదా" అన్నాను. "కాస్త చూడండి."

ఆయన నా వైపు చూశాడు, దుర్దానా వైపు చూశాడు. ప్యాంటు దులుపుకుని లేచాడు. పిల్ల వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని, తందూరు గోడకి రొట్టె ఎలా కొట్టాలో గట్టిగా చెబుతూ తీసుకెళ్లింది. వాళ్లు మలుపు తిరిగాక నేను నాలుగో మేకు కొట్టి, దారం బిగించి కట్టి, గుమ్మం ఉండబోయే చోటు నుంచి లోపలికి వెళ్లి కూర్చున్నాను.